కొండ లేని ఊళ్ళో దాలయ్య

సరంగు దాలయ్యకి ఒకటే జబ్బు. ముందుకు నడుస్తూ వెనక్కి చూస్తాడు. ఎప్పుడో ఒకసారి కాదు, ఇరవై అడుగులకోసారి. గడియారం తప్పుతుంది గానీ దాలయ్య మెడ తప్పదు.

పెళ్ళిపీటల మీద కూడా పక్కనున్న గంగాలమ్మని వదిలేసి వెనక్కే చూస్తూ కూర్చున్నాడట. అత్తగారు ఆదిలక్ష్మమ్మకి అనుమానం పుట్టింది. వెనకాల ఏ పిల్ల కూర్చుందో చూసి రమ్మని తమ్ముణ్ణి పంపింది. డోలు వాయించే ముసలాయన తప్ప అక్కడ ఎవరూ లేరు.

"డోలోడితో నీకేటి యవ్వారం అల్లుడా?" అని నిలదీసిందావిడ.

"డోలు కాదత్తా, యారాడ కొండ సూత్తన్నాను" అన్నాడు దాలయ్య.

కాన్వెంట్ జంక్షన్ దగ్గర ఒక కరెంటు స్తంభం దువ్వాడ వైపు ఒరిగి ఉండేది. గాలివానకి ఒరిగిందని కాగితాల్లో రాసుకున్నారు. దాలయ్య సైకిలుకి ఒరిగిందని ఊరంతటికీ తెలుసు. ఆ స్తంభాన్ని ఆయన ముందునుంచి ఒక్కసారి కూడా చూడలేదు. దాటాక వెనక్కి తిరిగి చూద్దామనుకునేవాడు, అది దాటనిచ్చేది కాదు.

ఎందుకయ్యా ఈ చూపు అంటే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "సముద్రం మీదకెళ్ళినోడికి దారి ముందుండదు బావా, ఎనకుంటాది. యారాడ కొండ మీద లైట్‌హౌసు, రాస్ కొండ మీద చర్చీ ఒక్క వరసకొచ్చీయంటే ఇల్లు దొరికినట్టే. కొండ గురుతు ఒగ్గీసినోడు కొంప ఒగ్గీసినోడే." తాతలనాటి నుంచీ తెప్పల మీద వేటకెళ్ళిన కుటుంబం. దాలయ్య ఒక్కడే పోర్టులో చేరి, ఓడల్ని లోపలికి తెచ్చే పైలట్లని ఎక్కించుకెళ్ళే లాంచీకి సరంగయ్యాడు. ముప్ఫయ్యేళ్ళుగా వెనక్కి చూస్తూనే నడుపుతున్నాడు. లాంచీకి మాత్రం ఏనాడూ గీత పడలేదు. సముద్రంలో కరెంటు స్తంభాలు లేకపోవడం వల్లే అంటారు గిట్టనివాళ్ళు.

ఇలాంటి మనిషి వెంట శ్రీరామ్మూర్తి కోపెన్‌హేగన్ వెళ్ళవలసి వచ్చింది. అదీ కుంటికాలితో.

అది 1997 జూన్ నెల. పోర్టు వారు కోపెన్‌హేగన్‌లో ఒక పడవల యార్డుకి కొత్త పైలట్ లాంచీ తయారుచెయ్యమని చెప్పారు. దాన్ని పరీక్ష చేసి సంతకం పెట్టి రావడానికి ఒక ఇంజినీరు, ఒక సరంగు వెళ్ళాలి. ఇంజినీరు శ్రీరామ్మూర్తి. సంతకం పెట్టి వస్తే ఆ లాంచీ బాధ్యత ఆయనదే. దానికోసం నాలుగేళ్ళుగా కాచుక్కూర్చున్నాడు. తీరా ప్రయాణం మూడు వారాలుందనగా మల్కాపురంలో సొంత మేడ మెట్లమీదే జారి ఎడమ మోకాలు విరగ్గొట్టుకున్నంత పని చేశాడు. పరీక్షలో ఆఖరి అంశం ఏమిటంటే, లాంచీని నడిసముద్రంలో పెద్ద ఓడ పక్కన నిలబెట్టి, ఇంజినీరు తాడు నిచ్చెన మీద ఓడ ఎక్కి దిగాలి. మోకాలి సంగతి బయటపడితే ఈ ప్రయాణం తోటి ఇంజినీరు దుర్గారావుకి వెళ్ళిపోతుంది. దుర్గారావు రోజూ పొద్దున్నే బీచ్ రోడ్డు మీద పరుగెత్తే మనిషి. ఆ పరుగు తన ఉద్యోగం వైపేనని శ్రీరామ్మూర్తికి గట్టి నమ్మకం.

అందుకని మోకాలికి బ్యాండేజీ చుట్టి, పైన ప్యాంటు తొడిగి, నవ్వుమొహం పెట్టుకుని విమానం ఎక్కాడు. యార్డు వాళ్ళని ఏమార్చడం తేలికే. దాలయ్యని ఏమార్చడమే కష్టం. దాలయ్య నోట్లో నువ్వుగింజ నానదు. ఆయనకి తెలిస్తే గంగాలమ్మకి తెలుస్తుంది, గంగాలమ్మకి తెలిస్తే చేపల బజారుకి తెలుస్తుంది. చేపల బజారుకి తెలిశాక పోర్టు చైర్మన్‌కి తెలియడానికి కూర ఉడికేంతసేపు చాలు.

సోమవారం పరీక్ష. ఆదివారం సెలవు. యార్డు మేనేజరు హాన్సెన్ ఒక పటం చేతిలో పెట్టి, "ఊరు చూసి రండి" అన్నాడు. శ్రీరామ్మూర్తి గదిలో కాలు చాపుకుని పడుకుందామనుకున్నాడు. కానీ దాలయ్య అప్పటికే కొత్త చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో శ్రీరామ్మూర్తి భార్య సుధారాణి రాసిచ్చిన చీటీ ఉంది. తప్పకుండా చూడవలసినవి ఆరు.

"అమ్మగారు నాకే ఇచ్చేరు బాబూ. మీకిత్తే పారీసుకుంటారంట."

రైల్వేస్టేషన్ బయటికి రాగానే దాలయ్య అలవాటుగా వెనక్కి తిరిగాడు. తర్వాత కుడికి, ఎడమకి తిరిగాడు. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు ఉన్నచోటే నాలుగు చుట్లు తిరిగాడు.

"బాబూ, కొండేదీ?"

"ఇక్కడ కొండలుండవు దాలయ్యా. దేశమంతా బల్లపరుపు."

"ఒక్కటీ లేదేటి?"

"లేదు."

"ఓలమ్మో! మరి వీళ్ళు సాయంత్రం ఇంటికెలా ఎల్తారు?"

ఆ బెంగతోనే దాలయ్య కోపెన్‌హేగన్‌లో అడుగుపెట్టాడు. చివరికి ఒక పాత భవనం మీద నాలుగు రాక్షసపాముల తోకలు జడలా పేనుకున్న గోపురం కనబడింది. దూరంగా ఇంకో చర్చి మీద బంగారు మెట్లు చుట్టుకున్న శిఖరం కనబడింది. "పోన్లే, ఈటితో సరిపెట్టుకుందాం" అని ముందు నడిచాడు. ఇరవై అడుగులకోసారి వెనక్కి తిరిగాడు.

వెనకాల శ్రీరామ్మూర్తి పాట్లు చూడాలి. దాలయ్య వీపు కనిపిస్తున్నంతసేపూ కుంటేవాడు. లోపల ఇరవై లెక్కపెట్టుకునేవాడు. పద్దెనిమిది, పంతొమ్మిది అనగానే నిటారుగా నిలబడి, ఆకాశం వైపు చూస్తూ, అందాన్ని ఆస్వాదిస్తున్నవాడిలా చిరునవ్వు పెట్టేవాడు. దాలయ్య తిరిగి చూసేవాడు, తల ఊపేవాడు, ముందుకు సాగేవాడు. మళ్ళీ కుంటు మొదలు. ఎదురుగా వస్తున్న ఒక డేనిష్ ముసలమ్మ ఈ తంతు రెండుసార్లు చూసి, ఇది ఏ దేశపు నాట్యమో అనుకుందేమో, ఆగి చప్పట్లు కొట్టింది.

ఆ ఊళ్ళో మనుషుల కంటే సైకిళ్ళెక్కువ. టైలు కట్టుకున్న ఆఫీసర్లు, పూలగౌన్ల ముసలమ్మలు, ముందు పెట్టెలో ముగ్గురు పిల్లల్ని కూర్చోబెట్టుకున్న తల్లులు, అందరూ సైకిళ్ళ మీదే. వాళ్ళకి వేరే దారి కూడా ఉంది. ఆ దారి మధ్యలో దాలయ్య వెనక్కి చూస్తూ నడుస్తుంటే సింహాచలం గంటలన్నీ ఒకేసారి మోగినట్టయింది.

"ఎందుకు బాబూ ఇన్ని గంటలు కొడతన్నారు?"

"నిన్ను తప్పుకోమని!"

"నోటితో సెప్పొచ్చు కదా. నోరు ఇంటికాడెట్టి వచ్చీసేరేటి?"

ఒక కూడలిలో ఎనిమిది మంది నిలబడి ఉన్నారు. రోడ్డు మీద ఇటు చివర నుంచి అటు చివర దాకా పిట్ట కూడా లేదు.

"ఎవులొత్తన్నారని ఆగేరు?" అన్నాడు దాలయ్య గుసగుసగా.

"ఎవరూ రావటంలేదు. ఎర్ర లైటుంది."

దాలయ్య ఆ ఎనిమిది మందినీ, ఆ లైటునీ మార్చి మార్చి చూశాడు. "మన జగదాంబ కాడ పోలీసోడికి కూడా ఇంత మరేద లేదు బాబూ. పాపం, ఆ లైటు పెట్టి పుట్టింది."

చీటీలో మొదటిది రాణిగారి కోట. కాపలా సిపాయిలు ఎలుగుబంటి బొచ్చు టోపీలతో ఎండలో కదలకుండా నిలబడ్డారు. దాలయ్య ఒక సిపాయి ముందు నిలబడి చాలాసేపు జాలిపడ్డాడు. "తలకాయ ఉడికిపోద్ది నాయనా" అని తన తువ్వాలు తడిపి ఇవ్వబోతే శ్రీరామ్మూర్తి పరుగెత్తుకెళ్ళి ఆపాల్సి వచ్చింది. మోకాలు కెవ్వుమంది. ఆయన మాత్రం నవ్వాడు.

రెండోది రాతి మీద కూర్చున్న జలకన్య. ఆ విగ్రహం కోసం ప్రపంచమంతా వస్తుందని సుధారాణి చీటీలో రెండు గీతలు గీసి మరీ రాసింది. తీరా చూస్తే అది అయిదో క్లాసు పిల్లంత ఉంది. జనం ముందువైపు తోసుకుంటుంటే దాలయ్య వెనకవైపు చేరాడు.

"ఇటు రావయ్యా, మొహం ఇటుంది!"

"మొహం అందరూ సూత్తన్నారు కదా బాబూ. ఈపు సూసేవోళ్ళు లేరు. పాపం పిల్ల సలికి ఎలా ముడుసుకుందో!" అని దాలయ్య పక్కనున్న బెంచీ చూపించాడు. "కూకోండి. నాను ఈ గురుతు సరిగ్గా పట్టాల. పదినిమిషాలౌద్ది."

బెంచీ మీద కూర్చోగానే శ్రీరామ్మూర్తికి స్వర్గం కనిపించింది. ఈ పిచ్చివాడి గురుతులు తనకి భలే కలిసొస్తున్నాయనుకున్నాడు.

అక్కణ్ణుంచి ఊళ్ళోకి వస్తూ ఒక కాఫీ హోటలు దాటారు. ఇరవై అడుగులు కాగానే దాలయ్య వెనక్కి తిరిగి, కొయ్యబారిపోయాడు.

"బాబూ! ఎవులో పిల్లని ఒగ్గీసి పోనారు!"

హోటలు బయట గోడ పక్కన చక్రాల బండి. అందులో దుప్పటి కప్పుకుని ఆర్నెల్ల పసిది నిద్రపోతోంది. చుట్టుపక్కల తల్లీ లేదు, తండ్రీ లేదు. దాలయ్య బండి పక్కన కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. పోర్టు గేటు దగ్గర కూడా అంత కట్టుదిట్టమైన కాపలా ఉండదు. దారిన పోయే ప్రతి మనిషినీ దొంగని చూసినట్టు చూశాడు. శ్రీరామ్మూర్తికి హోటలు కుర్చీ దొరికింది. ఇరవై నిమిషాలు గడిచాయి. పసిది కదిలితే దాలయ్య "హుళ్ళుళ్ళుళ్ళు హాయి" అంటూ బండి ఊపాడు.

లోపల్నుంచి తాటిచెట్టంత తల్లి కాఫీ కప్పుతో బయటికొచ్చింది.

"ఏటమ్మా నీకు బుద్ధుందా? బంగారంలాటి పిల్లని బయటొగ్గీసి నువ్వు లోపల కాఫీలు తాగుతావా?" అని తెలుగులో చెడామడా దులిపేశాడు దాలయ్య.

ఆవిడకి భాష తెలియకపోయినా భావం తెలిసింది. నవ్వేసి, ఇక్కడ పిల్లల్ని ఇలాగే బయట పడుకోబెడతాం, చల్లగాలి మంచిది కదా, అని ఇంగ్లీషులో చెప్పింది. శ్రీరామ్మూర్తి తెలుగు చేశాడు.

"గాలి మంచిదే తల్లీ. గాలికి సేతుల్లేవు కదా!" అన్నాడు దాలయ్య.

ఈ ముక్కని శ్రీరామ్మూర్తి ఇంగ్లీషు చేశాడు. ఆవిడ లోపలికి వెళ్ళి, ఇద్దరికీ రెండు తీపి రొట్టెలు తెచ్చింది. ఆ తర్వాత చూస్తే ప్రతి హోటలు బయటా ఇలాంటి బండే. దాలయ్య అన్నిచోట్లా ఆగాడు, శ్రీరామ్మూర్తి అన్నిచోట్లా కూర్చున్నాడు. ఆ ఆదివారం కోపెన్‌హేగన్‌లో నలుగురు పసిపిల్లలకి విశాఖపట్నం కాపలా కాసింది.

రంగురంగుల ఇళ్ళ కాలువ, గడియారం మేడ, చేపల రేవు కూడా అయ్యాయి. ఆరోది మిగిలింది. బంగారు మెట్లు బయటినుంచి చుట్టుకుపోయే ఆ చర్చి శిఖరం. నాలుగు వందల మెట్లు. దాని పక్కన సుధారాణి "తప్పకుండా ఎక్కాలి" అని రాసి, కింద మూడు గీతలు గీసింది.

శ్రీరామ్మూర్తి పైకి చూశాడు. ఆయన మోకాలు కూడా పైకి చూసింది. ఎక్కకపోతే దాలయ్య ఎందుకని అడుగుతాడు. ఎక్కితే రేపు పొద్దున్న మంచం మీంచి లేవడం ఉండదు. లాంచీ పైన దుర్గారావు నిలబడి చెయ్యి ఊపుతున్నట్టు కనిపించింది. దేవుడా అనుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఆగండి బాబూ!" దాలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. "అది గురుతు. గురుతు మీదకెక్కితే గురుతు కనబడదు. మరింటికెలా ఎల్తాం?"

"అంటే, ఎక్కొద్దంటావా?" శ్రీరామ్మూర్తి గొంతులో నిరాశ తెప్పించడానికి చాలా కష్టపడ్డాడు.

"నానుండగా ఎక్కనివ్వను. కింద కూకుని సూద్దాం. మెడలు నొప్పెట్టేదాకా సూద్దాం."

సోమవారం పొద్దున్న కొత్త లాంచీ నీళ్ళమీద ఆడపిల్లలా తుళ్ళుతూ బయల్దేరింది. ఇంజను బాగుంది, చుక్కాని బాగుంది. దాలయ్య వెనక్కి చూస్తూ నడిపిన తీరు చూసి హాన్సెన్‌కి చెమటలు పట్టాయి గానీ, లాంచీ గీత గీసినట్టు వెళ్ళింది. నడినీళ్ళలో ఒక సరుకుల ఓడ ఆగి ఉంది. దాని పక్కన తాడు నిచ్చెన వేలాడుతోంది, మూడంతస్తుల ఎత్తు. కెరటానికి లాంచీ లేస్తోంది, పడుతోంది.

"మిస్టర్ మూర్తీ, ఇక మీ వంతు" అన్నాడు హాన్సెన్ ఫారం పట్టుకుని.

శ్రీరామ్మూర్తి లేచాడు. ఎడమకాలు లేవలేదు.

దాలయ్య చుక్కాని యార్డు మనిషికి అప్పగించి వచ్చి, మధ్యలో నిలబడ్డాడు.

"బాబూ, ఆ దొరకి నాను సెప్పింది సెప్పినట్టు సెప్పండి. ఒక్క ముక్క ఒగ్గీకండి. మా వాడలో ఒక ఆచారమున్నాది."

"ఏం ఆచారం?"

"కొత్త పడవ మొదటిసారి నీళ్ళ మీదకొచ్చినప్పుడు, దాన్ని ఏలబోయే పెద్దమనిషి ఎనక్కి తిరిగి కూకోవాల. పడవ ఒడ్డు సేరేదాకా లెగకూడదు. లెగిత్తే గంగమ్మ తల్లికి కోపమొత్తాది."

శ్రీరామ్మూర్తి పుట్టి బుద్ధెరిగి ఇలాంటి ఆచారం వినలేదు. "ఏ వాడలో దాలయ్యా?"

"మిమ్మల్ని అడగమన్లేదు, సెప్పమన్నాను."

శ్రీరామ్మూర్తి చెప్పాడు. హాన్సెన్ గౌరవంగా టోపీ తీసి విన్నాడు. ఎక్కడ కూర్చోవాలని అడిగాడు.

"కుర్సీలో. కుర్సీ పడవ ఎనకభాగంలో ఎయ్యాల. ఎడమకాలు సాపుకోవాల."

శ్రీరామ్మూర్తి అదీ చెప్పడం మొదలుపెట్టాడు. కుర్చీ చెప్పాడు, వెనకభాగం చెప్పాడు. ఎడమకాలు దగ్గరికొచ్చేసరికి నాలుక ఆగిపోయింది. దాలయ్య వైపు చూశాడు. దాలయ్య మొహం గంగమ్మ గుడిలో పూజారి మొహంలా ఉంది.

"ఎడమకాలే ఎందుకు?" అన్నాడు హాన్సెన్ పుస్తకంలో రాసుకుంటూ.

"కుడికాలు సాపితే అపశకునం. సెప్పండి బాబూ, దొర రాసుకుంటన్నాడు."

శ్రీరామ్మూర్తి గొంతు సవరించుకుని చెప్పాడు. మరి నిచ్చెన ఎవరెక్కుతారన్నాడు హాన్సెన్.

"సరంగు ఎక్కుతాడు. అదీ ఆచారమే."

ఫారం తిరగేసి చూస్తే, ఎక్కవలసింది పోర్టు మనిషి అని మాత్రమే ఉంది. హాన్సెన్ వంటగదిలోంచి కుర్చీ తెప్పించి, వెనకభాగంలో తాడుతో కట్టించాడు. కాలి కింద ఒక దిండు కూడా తనే పెట్టాడు. పరాయివాళ్ళ దేవతతో ఆయనకెందుకు గొడవ! యాభై రెండేళ్ళ దాలయ్య తువ్వాలు నడుముకి బిగించి, ఉడతలా నిచ్చెన ఎక్కాడు. నాలుగు మెట్లకోసారి ఆగి, మెడ తిప్పి, కిందికి చూశాడు. కింద కుర్చీలో ఎడమకాలు చాపుకుని కూర్చున్న శ్రీరామ్మూర్తి, మొట్టమొదటిసారి చిరునవ్వు నటించకుండా పైకి చూశాడు.

సంతకాలయ్యాయి. ఒడ్డున ఇద్దరే ఉన్నప్పుడు శ్రీరామ్మూర్తి అడిగాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"మద్రాసులో ఇమానం మెట్లకాడ."

"అక్కణ్ణుంచీ తెలిసే, నిన్న ఆరు చోట్లా నన్ను నడిపించావా?"

"నాను నడిపించేనా? అమ్మగారి సీటీ నడిపించింది. నాను ఆపేను."

"మరి ఈ కొండ లేని ఊళ్ళో రెండ్రోజులుగా ఏ గురుతు చూస్తున్నావయ్యా వెనక్కి తిరిగి?"

దాలయ్య ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "తెప్పలు కెరటాలు దాటేటప్పుడు ముందెళ్ళిన తెప్ప ఎనక్కి సూడాల బాబూ. ఎనకటోడు దాటేడా, తిరగబడ్డాడా అని. మా అయ్య నేర్పించేడు. ఒడ్డు మీదకొచ్చినా ఒగ్గలేకపోయేను. నిన్ను సూత్తన్నానంటే ఎవులైనా సిగ్గుపడతారు. కొండని సూత్తన్నానంటే కొండ ఏటీ అనుకోదు కదా!"

శ్రీరామ్మూర్తి దాలయ్య భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత అసలు భయం గుర్తొచ్చింది. "ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"సెప్పకుండా ఎలాగుంటాను? నిన్న ఫోన్లో గంగాలమ్మకి సెప్పీసేను."

"చంపావు! ఏమని?"

"మోకాలు పట్టీసింది, నడవలేకపోతన్నానని. మోకాలు సంగతి సెప్పేను గానీ, ఎవులిదో మార్సీసేను."

విశాఖపట్నంలో దిగేసరికి గంగాలమ్మ ఆవనూనె సీసాతో సిద్ధంగా ఉంది. నెలరోజుల పాటు దాలయ్య బంగారంలాంటి మోకాలికి పొద్దునా సాయంత్రమూ మర్దనా జరిగింది. పోర్టంతా వచ్చి పరామర్శించింది. దుర్గారావు కమలాపళ్ళు తెచ్చాడు. దాలయ్య మూలుగుతూ ఆ పళ్ళు తిన్నాడు. ఆ హడావుడిలో శ్రీరామ్మూర్తి సెలవు పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళి, నిజమైన మోకాలు బాగుచేయించుకొచ్చిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొత్త లాంచీ ఆయన చేతికే వచ్చింది.

తొమ్మిదేళ్ళ తర్వాత పోర్టు వారు అదే యార్డు నుంచి ఇంకో లాంచీ తెప్పించారు. తొలి ప్రయాణానికి శ్రీరామ్మూర్తినీ, రిటైరైన దాలయ్యనీ పెద్దలుగా పిలిచారు. లాంచీ ఎక్కి చూస్తే వెనకభాగంలో, ఒడ్డు వైపు తిరిగి, ఒక కుర్చీ బిగించి ఉంది. నున్నటి టేకు కుర్చీ. ఎడమకాలు చాపుకోవడానికి తోలు తొడుగు వేసిన పీట కూడా ఉంది. యార్డు పంపిన డ్రాయింగులో దానికో నంబరుంది, విడిభాగాల జాబితాలో పేరుంది.

మధురవాడ నుంచి బైకు మీద వచ్చిన కొత్త ఇంజినీరు దేవిశ్రీ ఆ కుర్చీలో బుద్ధిగా కూర్చుని, పరుగుపందెంలో మెడల్ తెచ్చుకున్న ఎడమకాలిని పీట మీద చాపింది.

"ఇది మన తీరంలో వందల ఏళ్ళ ఆచారం సర్. యార్డు వాళ్ళ పుస్తకంలో చదివాను. కుడికాలు చాపకూడదట. మన పెద్దవాళ్ళు ఏదీ ఊరికే పెట్టరు, దీని వెనక సైన్స్ ఉండి ఉంటుంది. మీకేమైనా తెలుసా సర్?"

శ్రీరామ్మూర్తి దాలయ్య కోసం చూశాడు. దాలయ్య లాంచీ ముందుభాగంలో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఇరవై అడుగుల దూరం దాటింది, నలభై దాటింది, లాంచీ రేవు దాటి సముద్రంలోకి వచ్చింది. దాలయ్య జీవితంలో మొదటిసారిగా వెనక్కి చూడలేదు. ముందుకే చూస్తున్నాడు. భుజాలు మాత్రం ఆగకుండా ఎగిరెగిరి పడుతున్నాయి.